మంచి లింకు దొరికితే ఎక్కడ పెట్టాలి? స్నేహితుల గుంపుకు వాట్సాప్, టెలిగ్రామ్, డిస్కార్డ్, మెయిల్‌లలో ఏది మేలు

ఆరుగురో పదిమందో స్నేహితులు. ఒకరు సాఫ్ట్‌వేర్‌లో, ఒకరు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఒకరు పత్రిక డెస్కులో, ఇద్దరు అమెరికాలో. వీళ్లలో ఎవరికో ఒకరికి వారంలో ఒకటి రెండు మంచి వ్యాసాలో వీడియోలో పాడ్‌కాస్టులో తగులుతూనే ఉంటాయి. ఏఐ, ఓటీటీలు, వార్తాఛానళ్లు, యూట్యూబ్ ఇంటర్వ్యూల వరద, మన పాటలూ పండగలూ మారుతున్న తీరు, ఇలాంటి వాటి మీద. చదివాక ఎవరితోనైనా మాట్లాడకపోతే మనసు ఊరుకోదు. దాన్ని ఎక్కడ పెట్టాలి? చేతిలో ఉన్న ఫోన్‌లోనే నాలుగైదు దారులున్నాయి. వాటిలో ఏది ఎవరికి సరిపోతుందో చూద్దాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మాట్లాడుకునే చోటే దాచుకునే చోటు కూడా అనుకోవడం వల్ల చాలా గుంపులు మొదటి నెల హుషారు తర్వాత చప్పబడిపోతాయి. మాటలకు అందరూ ఉన్న యాప్ ఏదైనా చాలు. దాచుకోవడానికి మాత్రం ఏ కంపెనీ మూతపడినా మన చేతిలో మిగిలేది కావాలి. ఈ రెండోదాన్ని పట్టించుకుంటే మొదటిదాని గురించి పెద్దగా కొట్టుకోనక్కర్లేదు.

ఎంచుకునే ముందు మీ గుంపు గురించి రెండు విషయాలు తేల్చుకోండి. అందరూ ఒకే వేళకు మేలుకుని ఉంటారా? హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదింటికి కబుర్లు మొదలైతే వేసవిలో డాలస్‌లో ఉదయం పదిన్నర, అంటే మీటింగుల వేళ. వాళ్లు ఖాళీ అయ్యేసరికి మనం నిద్రలో ఉంటాం. ఇలాంటి గుంపుకు చాట్ యాప్ కంటే నిదానంగా నడిచేది మేలు. రెండో విషయం, ఆరు నెలల తర్వాత ఆ లింకు మళ్లీ కావాలా? పాఠాలు చెప్పేవాళ్లు, రాసేవాళ్లు ఉంటే కచ్చితంగా కావాలి. సరదాగా చదివి వదిలేసే గుంపైతే అక్కర్లేదు. అప్పుడు ఈ వ్యాసంలో సగం మీకు అనవసరం.

వాట్సాప్: అందరూ ఉంటారు, ఏదీ దొరకదు

వాట్సాప్‌కు ఉన్న బలం ఒక్కటే, కానీ అది పెద్ద బలం. అందరూ అప్పటికే అక్కడ ఉన్నారు. కొత్త యాప్ వేసుకోమని ఎవరినీ బతిమాలనక్కర్లేదు, పాస్‌వర్డ్ మర్చిపోయానన్న ఫోన్లు రావు. గ్రూపులో 1024 మంది వరకు పడతారు. మన పనికి పదిహేను మంది దాటితేనే గందరగోళం కాబట్టి ఆ లెక్కతో మనకు పని లేదు.

ఇబ్బంది ఎక్కడంటే, సాయంత్రం ఒకరు పెద్ద వ్యాసం పెడతారు. అరగంటలో ఎవరిదో పుట్టినరోజు, ఆ వెంటే కేకుల వరస, మధ్యలో క్రికెట్ స్కోరు, తర్వాత ఎవరి పాపదో కూచిపూడి వీడియో. రాత్రి తీరిక దొరికి వ్యాసం చదివినవాడు వెనక్కి వచ్చేసరికి తన మాటకు చోటు లేదు. ‘సాయంత్రం పెట్టిన ఆ ఆర్టికల్ గురించి...’ అని మొదలుపెట్టాలంటే కాస్త మొహమాటం. ఆ మొహమాటంతోనే సగం చర్చలు పుట్టకుండా పోతాయి. అందుకే ఉన్న ఫ్రెండ్స్ గ్రూపులో కాకుండా లింకుల కోసమే ఇంకో గ్రూపు పెట్టండి. శుభాకాంక్షలు, గుడ్ మార్నింగులు పాత గ్రూపులోనే. ఈ ఒక్క పనితో వాట్సాప్ మీద ఫిర్యాదులు సగం తగ్గుతాయి.

వెతకడం దీనికి పెద్ద లోపం. గ్రూప్ ఇన్ఫోలోకి వెళ్తే మీడియా, లింక్స్, డాక్స్ అని ఒక చోటు ఉంటుంది, పెట్టిన లింకులన్నీ అక్కడ వరసగా కనిపిస్తాయి. ఈ సంగతి చాలామందికి తెలియదు. కానీ మాటతో వెతికితే మన గ్రూపుల్లో ఒక చిక్కు వస్తుంది. ఒకరు తెలుగు లిపిలో రాస్తారు, ఒకరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు, ఇంకొకరు నేరుగా ఇంగ్లీషు. ‘సినిమా’ అని తెలుగులో వెతికితే ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన సినిమా దొరకదు. నలుగురు నాలుగు రకాల స్పెల్లింగులు వాడే చోట ఏ యాప్ సెర్చ్ అయినా చేతులెత్తేస్తుంది. దానికి మందు వాట్సాప్‌లో లేదు. ప్రతి లింకు పక్కన ఒక ఇంగ్లీషు మాట, మీడియా అనో మ్యూజిక్ అనో, అందరూ ఒకే స్పెల్లింగులో పెట్టుకోవాలని ఒప్పందం చేసుకోవడమే.

కొత్తగా చేరినవాళ్లకు పాత సంభాషణంతా దానంతటదే కనిపించదు. ఫోన్ మారినప్పుడు బ్యాకప్ సరిగా లేకపోతే మనకూ కనిపించదు. ఆండ్రాయిడ్‌లో ఆ బ్యాకప్ ఇప్పుడు గూగుల్ ఇచ్చే 15 జీబీ ఉచిత స్థలంలోనే లెక్కకు వస్తుంది కాబట్టి, ఫొటోలతో అది నిండిపోయినవాళ్ల బ్యాకప్పులు ఎప్పుడో ఆగిపోయి ఉంటాయి. ఇంకోటి, డిసప్పియరింగ్ మెసేజెస్‌ను ఎవరైనా సరదాకి ఆన్ చేశారంటే 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో మెసేజీలు పోతాయి. గ్రూప్ సెట్టింగులు అడ్మిన్లు మాత్రమే మార్చేలా పెట్టుకోండి.

ఫార్వర్డుల సంగతి కూడా. మూకదాడులకు దారితీసిన పుకార్ల తర్వాత 2018 జులైలో మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి, అప్పటికే చాలాసార్లు చేతులు మారిన మెసేజీని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. అలాంటి దానికి రెండు బాణాల గుర్తు పడుతుంది. మన గుంపుకు ఆ గుర్తు మంచి కొలత. రెండు బాణాలున్నది మీ స్నేహితుడు వెతికి తెచ్చింది కాదు, వాడి చేతి మీదుగా వెళ్లింది. లింకుల గ్రూపులో దానికి చోటు లేదని నిర్మొహమాటంగా చెప్పుకోవచ్చు.

‘అడ్మిన్‌గా ఉంటే ఎవరో పెట్టినదానికి కేసు నా మీదికి వస్తుందా’ అన్న టెన్షన్ చాలామందిలో ఉంది. సభ్యుడు పెట్టిన పోస్టుకు, అడ్మిన్ అయినంత మాత్రాన ఆయన బాధ్యుడు కాడని బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అందులో అడ్మిన్ ఉద్దేశం, భాగం ఉంటే కథ వేరు.

టెలిగ్రామ్: పని తెలిసిన యాప్, పేరు కాస్త చెడ్డది

లింకులు పంచుకోవడం అనే ఒక్క పనికే చూస్తే వాట్సాప్ కంటే టెలిగ్రామ్ అన్ని విధాలా ముందుంది. ఇవాళ చేరినవాళ్లు కూడా మొదటి రోజు నుంచి ఉన్న మెసేజీలు చూసేలా పెట్టొచ్చు. ఫోన్ మారినా, ల్యాప్‌టాప్‌లో తెరిచినా అన్నీ అక్కడే ఉంటాయి, బ్యాకప్ గొడవ లేదు. గ్రూపులో టాపిక్స్ ఆన్ చేస్తే ‘ఏఐ’, ‘మీడియా’, ‘పాటలు–సినిమా’ అని వేర్వేరు గదులు ఏర్పడతాయి. 2022 నవంబరులో వచ్చిన ఈ సదుపాయం మన పనికి బాగా అతికినట్టు సరిపోతుంది. హ్యాష్‌ట్యాగ్ మీద నొక్కితే ఆ ట్యాగుతో పెట్టినవన్నీ వస్తాయి. కంప్యూటర్ యాప్ నుంచి మొత్తం చాట్‌ను ఫైలుగా దించుకోవచ్చు కూడా.

ఫోన్ నంబరు అందరికీ కనిపించకుండా పెట్టుకోవచ్చన్నది నా దృష్టిలో చిన్న విషయం కాదు. స్నేహితుల స్నేహితులు కూడా చేరే గుంపులో, ముఖ్యంగా ఆడవాళ్లు, ముక్కూమొహం తెలియనివాళ్లకు నంబరు ఇవ్వడానికి ఇష్టపడరు. వాట్సాప్ గ్రూపులో చేరగానే నంబరు అందరి కళ్లముందూ ఉంటుంది. దానికి వెనకాడి చేరనివాళ్లు మనకు తెలియకుండానే ఎందరో.

మరి వంకలేమిటి? పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప మధ్యలో కంపెనీ కూడా చదవలేకుండా వేసే తాళం (ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్) మామూలు టెలిగ్రామ్ చాట్‌లకు, గ్రూపులకు ఉండదు. అది ఇద్దరి మధ్య నడిచే సీక్రెట్ చాట్‌కే. వాట్సాప్‌లో 2016 నుంచి అన్నిటికీ ఉంది. వ్యాసాల మీద చర్చకు ఇది అడ్డు కాదని నేను అనుకుంటాను. కానీ ఆఫీసు రాజకీయాలూ, ఉద్యోగాల కబుర్లూ అదే గ్రూపులో దొర్లుతాయంటే ఆలోచించండి. 2024 ఆగస్టులో టెలిగ్రామ్ స్థాపకుడు పావెల్ దురోవ్‌ను ఫ్రాన్స్‌లో అరెస్టు చేశారు. ఆ తర్వాతి నెలలో, చట్టబద్ధంగా అడిగితే నియమాలు ఉల్లంఘించినవాళ్ల ఫోన్ నంబర్లు, ఐపీ చిరునామాలు అధికారులకు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. ఇక మన దగ్గర టెలిగ్రామ్ అనగానే శుక్రవారం రిలీజైన సినిమా ప్రింటు గుర్తొచ్చేవాళ్లు తక్కువేం కాదు. ‘ఆ యాప్ ఇంట్లో చూస్తే బాగోదు’ అని నవ్వుతూ తప్పుకునేవాళ్లుంటారు. అసలు అడ్డంకి అదే. యాప్ ఎంత మంచిదైనా పదిమందిలో నలుగురు రోజూ తెరవకపోతే అది ఆ నలుగురిని వదిలేసిన గుంపు.

సిగ్నల్, డిస్కార్డ్, స్లాక్

2021 జనవరిలో వాట్సాప్ ప్రైవసీ నిబంధనల మీద గొడవ రేగినప్పుడు ఎన్నో గ్రూపులు సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌కు వలస వెళ్లాయి. చాలావరకు కొన్ని వారాల్లో తిరిగొచ్చేశాయి. భద్రత విషయంలో దాన్ని మించింది లేదు, లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది, 2024 నుంచి నంబరు దాచుకుని యూజర్‌నేమ్‌తో మాట్లాడొచ్చు. జర్నలిస్టులు, ఉద్యమాల్లో ఉన్నవాళ్లు ఉన్న గుంపైతే రెండో ఆలోచన లేకుండా అదే. మిగతావాళ్లకు అది మంచి ఫోన్ లాంటిదే తప్ప మంచి అల్మరా కాదు.

డిస్కార్డ్ కాలేజీ వయసువాళ్లకు, గేమ్‌లు ఆడేవాళ్లకు ఇల్లు. ఛానళ్లు విడివిడిగా ఉంటాయి. ఫోరమ్ ఛానల్ పెడితే ఒక్కో లింకుకు ఒక్కో దారం (థ్రెడ్), దానికి ట్యాగు, కింద దాని చర్చ. వారం తర్వాత వచ్చి మాట్లాడినా మొహమాటం ఉండదు, ఆ దారం మళ్లీ పైకి వస్తుంది. నెలకోసారి వాయిస్ గదిలో కూర్చుని గంటసేపు మాట్లాడుకోవచ్చు. చర్చ ఆకారం వరకు చూస్తే ఈ వ్యాసంలోని అన్నిటికంటే ఇదే నాకు నచ్చుతుంది. కానీ నలభై దాటినవాళ్లలో ఎక్కువమందికి ఆ తెర చూడగానే తల తిరుగుతుంది. సర్వర్‌లో పేరుకున్న చర్చనంతా అధికారికంగా దించుకునే దారి కూడా లేదు. మీ గుంపంతా ముప్పై లోపువాళ్లైతే ఇంకేం చూడకుండా డిస్కార్డ్‌కు వెళ్లండి.

స్లాక్‌ను ఆఫీసులో వాడి అలవాటై ‘మనమూ అదే పెడదాం’ అనేవాళ్లు ఉంటారు. ఉచిత ప్లాన్‌లో 90 రోజుల కిందటివి కనిపించవు, ఏడాది దాటినవి తుడిచేస్తారు. పైగా శనివారం కూడా ఆఫీసులో ఉన్నట్టుంటుంది. వద్దు.

మెయిల్ గ్రూపు: పాతదే, కానీ తీసిపారేయకండి

తెలుగువాళ్లు నెట్‌లో గుంపుగా మాట్లాడుకోవడం మొదలైంది ఇలాంటి చోట్లే. 1990ల్లో యూజ్‌నెట్ అనే పాతకాలపు చర్చా వేదికలో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గుంపు ఉండేది. తెలుగు అక్షరాలు తెర మీదికి రాని ఆ రోజుల్లో, అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే పద్యాలూ వాదాలూ రాసుకున్నారు. తర్వాత యాహూ గ్రూపులు. యాహూ 2019 చివర్లో పాత మెసేజీలూ ఫైళ్లూ తీసేస్తామని ప్రకటించి, 2020 డిసెంబరు 15న ఆ సేవనే మూసేసింది. ఏళ్ల తరబడి పోగైన చర్చలు సైటు మీద నుంచి పోయాయి. కానీ మెయిల్‌లో అందుకున్న సభ్యుల ఇన్‌బాక్సుల్లో వాటి నకళ్లు మిగిలాయి. మెయిల్ బలం ఏమిటో ఇంతకంటే బాగా చెప్పలేం. నడిపే కంపెనీ చేతులెత్తేసినా ప్రతి సభ్యుడి దగ్గరా ఒక కాపీ ఉంటుంది.

గూగుల్ గ్రూప్స్‌లో ఒక గ్రూపు తెరవడం పది నిమిషాల పని. జీమెయిల్ లేనివాళ్లనూ చేర్చవచ్చు, ఫోన్ నంబరుతో పని లేదు. ఒక లింకు, దాని కింద దాని జవాబులు, అంతా ఒక కట్టగా ఉంటుంది. డాలస్‌లో ఉన్నాయన తన శనివారం పొద్దున కాఫీతో పాటు తీరిగ్గా నాలుగు పేరాలు రాస్తాడు, గుంటూరులో ఉన్నావిడ ఆదివారం జవాబిస్తుంది. చాట్‌లో నాలుగు పేరాలు రాస్తే ‘వీడికి పనిలేదు’ అన్నట్టుంటుంది. మెయిల్‌లో రెండు లైన్లు రాస్తేనే తక్కువ. అంటే ఆ చోటే మనచేత ఎక్కువ ఆలోచింపజేస్తుంది. రోజూ మెయిళ్లు వద్దనుకునేవాళ్లు డైజెస్ట్ ఎంచుకుంటే అన్నీ కలిపి ఒకటిగా వస్తాయి.

మెయిల్‌కు ప్రాణం పోసేది, తీసేది కూడా అలవాటే. మన వాళ్లలో చాలామందికి మెయిల్ అంటే బ్యాంకు ఓటీపీలు, కరెంటు బిల్లులు, ఆఫీసు. సొంత మెయిల్ వారానికోసారి తెరిచేవాళ్లే ఎక్కువ. ప్రమోషన్ల ట్యాబులో పడి కొన్ని కనిపించకుండా పోతాయి. నవ్వు, ఎగతాళి, చటుక్కున ఒక మీమ్, ఇవేవీ మెయిల్‌లో పండవు. రాయడం ఇష్టమైనవాళ్లు కనీసం నలుగురు లేకపోతే మొదలుపెట్టకండి.

ఫేస్‌బుక్, ఎక్స్ సంగతి క్లుప్తంగా. అక్కడ మీ స్నేహితులకు మీ పోస్టు చూపించాలా వద్దా అన్నది మీ చేతిలో లేదు. బయటికి తీసుకెళ్లే లింకుల మీద ఆ కంపెనీలకు ఎప్పుడూ ప్రేమ లేదు. లింకులు వెతుక్కోవడానికి వాడండి, పంచుకోవడానికి వద్దు.

దాచుకునే చోటు

ఇక్కడ చరిత్ర కాస్త చెప్పాలి, ఎందుకంటే సలహా అందులోంచే వస్తుంది. గూగుల్ రీడర్ అని 2005లో మొదలైన సేవ ఒకటి ఉండేది. నచ్చిన సైట్లలో వచ్చే కొత్త వ్యాసాలన్నీ ఒకే చోట చదువుకునేవాళ్లం. చదివింది నచ్చితే ఒక్క నొక్కుతో స్నేహితులకు కనిపించేది, కింద వాళ్లు మాట రాసేవాళ్లు. ఇవాళ మనం నాలుగు యాప్‌లు కలిపి చేసుకునేది అది ఒక్కటే చేసేది. తన కొత్త సోషల్ నెట్‌వర్క్ గూగుల్ ప్లస్‌ను పైకి తేవాలని 2011 చివర్లో ఆ పంచుకునే సదుపాయాన్ని గూగుల్ తీసేసింది. సెన్సార్‌ను తప్పించుకుని వార్తలు పంచుకోవడానికి దాన్నే వాడుకుంటున్న ఇరాన్ పాఠకులు అప్పట్లో గట్టిగా నిరసన తెలిపారు. 2013 జులై 1న రీడర్‌నే మూసేశారు. ఏ గూగుల్ ప్లస్ కోసం దాన్ని కత్తిరించారో అదీ 2019లో పోయింది.

బుక్‌మార్కులు పదిమందితో పంచుకునే పద్ధతికి ఆద్యుల్లో ఒకటైన డెలిషియస్ చేతులు మారి మారి 2017లో చదవడానికే తప్ప కొత్తవి చేర్చడానికి వీల్లేని స్థితికి వచ్చింది. కొత్త కొత్త సైట్లను చూపించే స్టంబల్అపాన్ 2018లో పోయింది. తర్వాత చదువుదామని దాచుకునేవాళ్లకు ఇష్టమైన పాకెట్ 2007లో పుట్టి, 2017లో మొజిల్లా చేతికి వెళ్లి, 2025 జులై 8న మూతపడింది. వరస చూస్తే అర్థమవుతుంది. ఈ పని చేసిపెట్టే కంపెనీలు బాగున్నన్ని రోజులు చాలా బాగుంటాయి, ఉండడం మాత్రం ఎక్కువ రోజులు కాదు.

కాబట్టి లింకులు దాచుకునే రెయిన్‌డ్రాప్ లాంటివి, పాతకాపు ఇన్‌స్టాపేపర్, ఇవి ఎవరికి వారు వాడుకోవడానికి బాగానే ఉంటాయి. రెయిన్‌డ్రాప్‌లో ఒకే సేకరణను పలువురు కలిసి నింపుకోవచ్చు కూడా. గుంపు జ్ఞాపకం కోసం మాత్రం నేను చెప్పేది చాలా నాటు మార్గం. ఒక గూగుల్ షీటు. తేదీ, శీర్షిక, లింకు, పెట్టినవాళ్ల పేరు, విషయం, ‘ఎందుకు చదవాలి’ అని రెండు లైన్లు. అంతే. ఎవరికీ నేర్పాల్సిన పని లేదు, ఫోన్‌లో తెరుచుకుంటుంది, ఏడాదికోసారి ఫైలుగా దించి నలుగురి దగ్గరా పెట్టుకోవచ్చు. గూగుల్ షీట్స్ రేపు పోయినా ఆ ఫైలు ఇంకెక్కడైనా తెరుచుకుంటుంది. ప్రతిదీ అందులో ఎక్కించక్కర్లేదు. ఎవరైనా ‘ఇది దాచాలి’ అన్నవే. నెలకు ఒకరి చొప్పున వంతు వేసుకుంటే ఆ ఒక్కరే ఎక్కిస్తారు. వంతు లేకుండా ‘అందరూ చేద్దాం’ అనుకుంటే ఎవరూ చేయరు.

షీటులో ఇంకో గడి కూడా ఉండాలి. పాత లింకులు చచ్చిపోతాయి. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోవడం లేదని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్కగట్టింది. పేర్లు మార్చుకుని కొత్త సైట్లకు మారినప్పుడు పాత వ్యాసాలను వదిలేసే పత్రికలు మన దగ్గరా ఉన్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పేజీ చిరునామా ఇచ్చి సేవ్ పేజ్ నొక్కితే ఆ రోజుకు ఉన్నట్టుగా ఒక నకలు నిలిచిపోతుంది. ఆ నకలు చిరునామా ఈ గడిలో. డబ్బు కట్టి చదవాల్సిన పేజీలకు ఇది ప్రతిసారీ పనిచేయదు.

ఏ యాప్ అయినా, లింకు ఎలా పెడుతున్నామన్నది

అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2017–2020 మధ్య ఫేస్‌బుక్‌లో తిరిగిన మూడున్నర కోట్లకు పైగా లింకు పోస్టులను పరిశీలించారు. షేర్లలో దాదాపు 75 శాతం ఆ లింకు తెరవకుండానే జరిగాయని 2024లో ప్రచురించారు. శీర్షిక చూసి షేర్ కొట్టేయడం మన ఒక్కరి జబ్బు కాదన్నమాట. స్నేహితుల గుంపులో దీనికి విరుగుడు సులభం. చదవందే పెట్టకూడదు, పెట్టినవాళ్లు రెండు వాక్యాలు రాయాలి.

ఆ రెండు వాక్యాలతో ఎంత తేడా వస్తుందో చూడండి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును ఏఐతో తయారుచేసి వాడారంటూ ఆయన కుమారుడు ఎస్పీ చరణ్ 2024లో ఒక తెలుగు సినిమా బృందానికి నోటీసులు పంపారు. దాదాపు అదే సమయంలో ఏఆర్ రహమాన్ ఒక తమిళ పాటలో ఇద్దరు దివంగత గాయకుల గొంతులను ఏఐతో తెచ్చి, వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకున్నామని, తగిన పారితోషికం ఇచ్చామని చెప్పారు. మొదటి వార్త లింకు పెట్టి ‘చూశారా ఇది’ అంటే నాలుగు బాధ బొమ్మలు, రెండు దండాలు వస్తాయి. రెండు లింకులూ పక్కపక్కన పెట్టి ‘అనుమతి ఉంటే సరిపోతుందా? పోయిన మనిషి గొంతు మీద హక్కు పిల్లలదా, నిర్మాతదా, మనదా?’ అని అడిగితే ఆ రాత్రి ఎవరూ పడుకోరు. ఇంకో ఉదాహరణ, 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ పెడతామని ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో డేటా సెంటర్లు తాగే నీళ్ల గురించి వచ్చిన వ్యాసం ఊరికే పెడితే ఎవరూ తెరవరు. ‘విశాఖకు వస్తున్నది ఇదే, మనకు ఎండాకాలం ట్యాంకర్లే దిక్కు కదా’ అని ఒక్క ముక్క జోడిస్తే అది మన విషయం అవుతుంది.

మిగతావి చిన్న జాగ్రత్తలు. యూట్యూబ్, ఇన్‌స్టా లింకుల చివర ప్రశ్న గుర్తు తర్వాత వచ్చే తోక ఎక్కువగా మనల్ని గుర్తుపట్టడానికే. షేర్ బటన్ నుంచి వచ్చిన లింకుల్లో దాన్ని కొట్టేసినా వీడియో తెరుచుకుంటుంది, ముందు ఒకసారి చూసుకోండి. డబ్బు కట్టి చదివే పత్రిక లింకు పెడితే స్నేహితులకు గోడే కనిపిస్తుంది. న్యూయార్క్ టైమ్స్ లాంటివి చందాదారులకు నెలకు కొన్ని గిఫ్ట్ లింకులు ఇస్తాయి, అవి వాడండి. మొత్తం వ్యాసం కాపీ చేసి గ్రూపులో అతికించడం కంటే సారాంశం నాలుగు మాటల్లో చెప్పడం మర్యాద. గంటన్నర పాడ్‌కాస్ట్ పెడితే ఏ నిమిషం దగ్గర వినాలో రాయండి, లేకపోతే వినేది మీరొక్కరే. ఇక స్క్రీన్‌షాట్, లింకు లేకుండా వస్తే దాన్ని అనుమానించండి. మూలం ఎక్కడ అని అడగడం మీ గుంపులో తప్పుగా అనిపించకూడదు.

ఎవరికి ఏది

అందరూ ఒకే ఊళ్లోనో ఒకే దేశంలోనో ఉన్న, పదిమంది లోపు, రకరకాల వయసుల గుంపు: లింకుల కోసం ప్రత్యేక వాట్సాప్ గ్రూపు, పక్కన షీటు. తెలుగు గుంపుల్లో చాలావాటికి ఇదే జవాబు. గొప్పగా అనిపించదు కానీ నడుస్తుంది.

సగం ఇక్కడ, సగం న్యూజెర్సీలోనో సింగపూర్‌లోనో ఉండి, రాయగలిగినవాళ్లు నలుగురైనా ఉంటే మెయిల్ గ్రూపు. సరదా మాటలకు వాట్సాప్ ఎలాగూ ఉంటుంది. వీళ్లకు షీటు కూడా అంత అవసరం లేదు, ఇన్‌బాక్సే షీటు.

పదిహేను మంది దాటి, ఒకరికొకరు అంతగా తెలియనివాళ్లు కూడా ఉంటే టెలిగ్రామ్, టాపిక్స్‌తో. విద్యార్థుల గుంపు డిస్కార్డ్. రెండిట్లోనూ షీటు తప్పదు, డిస్కార్డ్‌లో మరీ.

ఇద్దరు ముగ్గురే అయితే ఏ గ్రూపూ వద్దు. నేరుగా పంపుకోండి. ముగ్గురికి అడ్మిన్ ఎందుకు?

ఇప్పటికే నడుస్తున్న గ్రూపును మార్చాలంటే ‘రేపటి నుంచి ఫలానా యాప్‌కు’ అని ప్రకటించకండి, సగం మంది రారు. ముందు షీటు తయారుచేయండి. పాత వాట్సాప్ గ్రూపు మెనూలో ఎక్స్‌పోర్ట్ చాట్ అని ఉంటుంది, మీడియా లేకుండా తీస్తే టెక్స్ట్ ఫైలు వస్తుంది. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో ‘http’ కోసం వెతికితే అందులో ఉన్న లింకులన్నీ బయటపడతాయి. వాటిలో ఇప్పటికీ పనికొచ్చేవి ఓ ఇరవై ఏరి షీటులో వేసి, తెరుచుకోనివాటికి వేబ్యాక్ మెషీన్‌లో నకలు ఉందేమో చూసి, గ్రూపులో పెట్టండి. ఎవరెవరు అందులో తమ పేరు వెతుక్కుంటారో చూశాక, వంతులు వేయడం ఎవరితో మొదలుపెట్టాలో మీకే తెలుస్తుంది.